పారబోయలేని నీళ్ళు

పొయ్యి మీద కందిపప్పు ఇంకా పలుకుగానే ఉంది. గరిటెతో కొంచెం తీసి బొటనవేలితో నొక్కి చూశాను. మెదగలేదు, జారిపోయింది. కుక్కరు మూత మళ్ళీ బిగించి మంట పెంచాను. ఎన్ని కూతలు వేసిందో లెక్కపెట్టడం ఎప్పుడో మానేశాను.

వాకిట్లో కొర్రలు చెరుగుతున్న అమ్మ తల ఎత్తకుండానే అడిగింది.

"ఉడికిందా పాపా?"

"లేదుమా."

"సోడాపొడి వేసినావా?"

"రెండుతూర్లు వేసినా."

"అట్లయితే మీ యన్నను అడుగు. రొయ్యలకు మందు చెప్పేటోడు పప్పుకు చెప్పలేడా?"

లోపల మంచం మీద పడుకుని ఫోను చూస్తున్న దేవేంద్రన్నకు వినపడాలనే అంత గట్టిగా అంది. అన్న కదల్లేదు.

ఇప్పుడు మా ఊళ్ళో ఏ ఇంట్లోనూ పప్పు ఉడకడం లేదు. టీ పెడితే పాలు విరుగుతున్నాయి. తలకు పోసుకుంటే జుట్టు జిగటగా చిక్కుపడుతోంది. సముద్రం ఎట్లా ఉంటుందో మా ఊరివాళ్ళలో సగం మందికి తెలియదు. అది మాత్రం మా ఇంటింటికీ వచ్చింది. తెచ్చింది మా ఇల్లేనని ఊరు అంటోంది.

బెళుగుప్ప దారిలో, గుట్ట వాలులో మాకొక చౌటి చేను ఉంది. అక్కడి బోరు నీళ్ళు నోట పెట్టుకోలేం. శనక్కాయ వేస్తే మొలక దశలోనే మాడిపోయేది. కోస్తా నుంచి వచ్చిన రొయ్యల కంపెనీ ఆ ఉప్పే మీ అదృష్టమంది. అన్న కొన్నేళ్ళు కోస్తాలో రొయ్యల చెరువుల మీద పనిచేసి తిరిగొచ్చినవాడు. అతని చేతికే పని అప్పజెప్పి నాలుగు చెరువులు తవ్వించారు. నల్ల షీటు పరిచి, మా ఉప్పు చాలదని లారీలతో ఇంకా ఉప్పు తెచ్చి కలిపారు. మొదటి పంట బాగా వచ్చింది. రెండో పంట చేతికొచ్చే వేళకు అమెరికావాళ్ళు మన రొయ్యల మీద పన్ను పెంచేశారు. కొనే లారీలు రాలేదు. ఎదగని రొయ్యల్నే ఏదో ఒక ధరకు తోలేసి, కంపెనీ మనుషులు సామాను సర్దుకుని పోయారు.

తర్వాత కొన్ని నెలలకు ఒక్కొక్క బోరే ఉప్పెక్కింది. మొదట అమ్మ తమ్ముడు ఓబుళేసు మామ బత్తాయిలు కాసే చీనీ తోటలోది. తర్వాత ఊరి కొళాయికి నీళ్ళిచ్చే బోరు. నిన్న మామ నడుముకు తాడు కట్టుకుని పాత కపిల బావిలోకి దిగాడు. తాతల కాలంలో ఎద్దులతో నీళ్ళు తోడిన బావి అది. మా చెరువుల కింద, మామ తోట పైన ఉంటుంది. ఎన్నో ఏళ్ళుగా ఎండిపోయి ఉన్న ఆ బావి రాళ్ళకు తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. అడుగున ముళ్ళకంప కింద, చెరువుల్లో వాడే నల్ల గొట్టం దొరికింది.

ఈ సాయంత్రం బడి దగ్గర ఊరంతా కూడుతుంది. చెరువుల ఉప్పునీళ్ళు ఆ బావిలోకి వదిలింది ఎవరో తేలాలి. తేలిన ఇంటికి, మండలం నుంచి వచ్చే ట్యాంకరు నీళ్ళు ఒక్క బిందె కూడా పోయకూడదని ముందే అనుకున్నారు. ఇప్పుడు తాగడానికి ఆ ట్యాంకరు తప్ప వేరే దిక్కు లేదు.

కుక్కరు మళ్ళీ కూత వేస్తుండగా బయట మోటారు సైకిలు ఆగింది. మామ స్టాండు కూడా సరిగా వెయ్యలేదు. బండి గోడకు ఒరిగిపోయింది. భుజానికి తగిలించుకున్న గొట్టం చుట్టను తెచ్చి అమ్మ ముందు పడేశాడు. చేటలోని కొర్రలు చెదిరి నేల మీద పడ్డాయి.

"అక్కా, నీ కొడుకు సొత్తు. మరిచిపోయినట్లుండాడు, తెచ్చినా."

"ముందు కూచోరా ఓబుళేసూ."

"కూచునేకి రాలేదు. యాడ వాడు? పండుకోనుండాడా? పండుకోక ఏం చేస్తాడులే. ఎండేది ఆయప్ప చెట్లా?"

అన్న లుంగీ సర్దుకుంటూ గడప దగ్గరికి వచ్చాడు. "నిన్ననే చెప్పినా కదా మామా. గొట్టం మాదే, కాదనలేదు. నీళ్ళు నేను ఒదల్లేదు."

"చెరువు నీది, గొట్టం నీది, నీళ్ళు నీవి. ఒదిలింది మాత్రం నువ్వు కాదు. అవునప్పా, ఆ గొట్టానికే కాళ్ళొచ్చి నడుచుకుంటా పోయి బాయిలో దూకిందిలే."

"ఎగతాళి చేస్తే నేనేం చెప్పేది?"

"ఎగతాళి చేసేకి నాకింకా ఓపికుండాదని సంతోషపడు. ఊళ్ళో శానామందికి అది కూడా లేదు. కట్టెలు తీసుకోనుండారు."

మామ కోపం నాకు అర్థమవుతోంది. మొన్న అతని తోటకు పోయి వచ్చాను. ఆకుల అంచులు నిప్పు తగిలినట్టు కమిలిపోయి ఉన్నాయి. పిందెలు చెట్ల కింద రాలి నల్లగా ముడుచుకున్నాయి. బోర్లు ఎండిన కరువులో కూడా ట్యాంకర్లు తోలి ఒక్కొక్క పాదుకూ బిందెతో పోసి బతికించుకున్న చెట్లు అవి. ఎండకు చావని చెట్లు నీళ్ళకు చచ్చాయి.

నాయన తిన్నె మీద కూర్చుని పాత చీర పేలికలతో పగ్గం పేనుతున్నాడు. మా నాయన పాపన్న అంటే ఊళ్ళో గట్టిగా మాట్లాడే మనిషి. నిన్న మామ బావిలోంచి పైకి వచ్చినప్పటి నుంచి నోరు విప్పలేదు. పేనిన పగ్గమే విప్పి మళ్ళీ పేనుతున్నాడు.

"ఫోన్ చెయ్యరా ఆ కంపెనీ వానికి," అన్నాడు మామ. "నా ముందర చెయ్యి. వాడేమంటాడో నేనూ ఇనాల."

అన్న చాలాసేపు వెనకాడాడు. చివరికి కలిపి, అందరికీ వినపడేట్టు పెట్టాడు.

"చెప్పండి దేవేంద్ర గారూ, బాగున్నారా?" అంది అవతలి గొంతు. మేనేజరు గొంతు నాకు గుర్తే. చెరువులు ప్రారంభించిన రోజు షామియానా కింద మైకు పట్టుకుని మాట్లాడాడు. మన దేశానికి ఇంత పెద్ద తీరం ఉంది, ప్రపంచమంతా మన రొయ్యే తింటోంది, రేపటి సంపదంతా సముద్రంలోనే ఉంది, ఆ సంపదలో కరువు రైతుకూ వాటా రావాలి అన్నాడు. అందరం చప్పట్లు కొట్టాం. అంత తీరం ఉండగా మా గుట్ట మీదికి ఎందుకొచ్చారని ఒక్కరం అడగలేదు. ఆ సంగతి తర్వాత అన్నే మాటల్లో చెప్పాడు. అక్కడ చెరువు పక్కన చెరువు తవ్వి, ఒకరు వదిలిన మురికి ఇంకొకరు తోడుకుని, రొయ్యలకు రోగాలు అంటించుకున్నారట. రోగం లేని నేల వెతుక్కుంటూ మా దాకా వచ్చారు. చెడగొట్టిన చోటు వదిలి, చెడగొట్టడానికి ఇంకో చోటు వెతుక్కోవడాన్ని కూడా అభివృద్ధి అంటారని అప్పుడు నాకు తెలియదు.

అన్న విషయం చెప్పాడు. బోర్లు, తోటలు, ఊరి కొళాయి.

"అయ్యయ్యో, చాలా బాధగా ఉందండీ. కానీ మా పరిస్థితి మీకు తెలుసు కదా. ఎగుమతులు దెబ్బతిన్నాయి. వేరే దేశాల వాళ్ళతో మాట్లాడుతున్నాం. మళ్ళీ మంచిరోజులు వస్తాయండీ."

"ఎవురికప్పా మంచిరోజులు?" అని మామ అరిచాడు.

"ఎవరండీ మాట్లాడేది?"

"మీ చెరువు నీళ్ళు తాగేటోణ్ణి."

అప్పటికీ అదే మర్యాద గొంతు. "చూడండీ, వాడేసిన నీరు షీటు వేసిన కుంటలోనే పూర్తిగా ఎండబెట్టాలని మొదటి రోజే చెప్పాం. బయటికి వదిలితే ఏమవుతుందో దేవేంద్ర గారికి బాగా తెలుసు. అది మా బాధ్యత కాదండీ. ఉంటాను."

ఫోను ఆగిపోయింది. అతను మాట్లాడుతున్నంతసేపూ వెనక వాన పడుతున్న చప్పుడు వినపడింది. రేకుల మీద పడే పెద్ద వాన. మాకింకా మొదటి చినుకు కూడా పడలేదు. నాకు ఆ మనిషి మాటల మీద కంటే ఆ వాన మీద ఎక్కువ కోపం వచ్చింది.

మామ గొంతు తగ్గించాడు. "సరే. ఇనరా అల్లుడా. సాయంత్రం బడికాడ లేసి నిలబడు. కంపెనీ వాళ్ళే రాత్రికి రాత్రి ఒదిలిపెట్టి పోయినారు, నేను కండ్లారా చూసినా అని చెప్పు. ఊరంతా కలిసి అనంతపురం పోదాం. ఆఫీసర్ల ముందర కూచుందాం. మనకు నీళ్ళు తెచ్చిచ్చే పని వాళ్ళ మెడకే కడదాం. నీ ఇంటికి ఏమీ కాకుండా నేను చూసుకుంటా."

"చెప్పురా," అంది అమ్మ. "దానికేమి? వాళ్ళేమన్నా దేవుళ్ళా? చెయ్యాల్సిందంతా చేసిపోయినోళ్ళు, ఇది కూడా చేసినారని చెప్పు."

"ఎట్ల చెప్తాను మా? చెరువులు ఖాళీ చేసేనాటికి కంపెనీ మనిషి ఒక్కడు కూడా ఈడ లేడు. వాళ్ళను బస్సెక్కించింది మనూరోళ్ళే. ఎవురు నమ్ముతారు?"

"మరి ఎవురుండారురా ఆడ?" మామ అన్న దగ్గరికి నడిచాడు. "కంపెనీ వాడు లేడు. నువ్వు ఒదల్లేదు. ఎవురుండారు? చెప్పు."

అన్న గోడ వైపు చూశాడు.

గొడవ పెద్దదవుతుందని అమ్మకు అర్థమైంది. లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చింది. బానలో అడుగున మిగిలిన ట్యాంకరు నీళ్ళు అవి. నేను పొద్దుటినుంచి ముట్టుకోకుండా దాచినవి. "తాగు నాయనా, గొంతు ఆరిపోయింటాది," అని తమ్ముడి చేతికిచ్చింది.

మామ చెంబు తీసుకున్నాడు. అన్న ముఖం వైపే చూస్తూ, నోటి దాకా ఎత్తి ఆగిపోయాడు. చెయ్యి చాచి చెంబును అట్లాగే బోర్లించాడు.

"ఈ ఇంట్లో నేను నీళ్ళు తాగను."

మా ప్రాంతంలో మనిషి మీద ఉమ్మేసినా ఇంత తప్పు కాదు. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాయన మాత్రం తిన్నె మీద నుంచి ఎప్పుడు దూకాడో తెలియదు. పక్కనున్న సత్తు తట్ట, అన్నం తినే కంచం, లాగి చెంబు కింద పట్టాడు. నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, సగం నీళ్ళు తట్టలో పట్టుకుని, తలెత్తి మామను తిట్టాడు.

"ఏమప్పా, మనిషివేనా నువ్వు? నీళ్ళు పారబోస్తావా? తాగకపోతే తాగొద్దు. యా చెట్టు మొదుట్లోనో పోయకూడదా? వొట్టి నేలమీద పోస్తే ఎవురికి అక్కరకొస్తాయి?"

నిన్నటి నుంచి నాయన నోట వచ్చిన మొదటి మాటలు అవి.

మా ఇంట్లో నీళ్ళు పారబొయ్యరు. బియ్యం కడిగిన నీళ్ళు కుడితిగా ఎనుముకు. ముఖం కడిగిన నీళ్ళు కరివేపాకు చెట్టుకు. నాయన అన్నం తిన్న తట్టలోనే చెయ్యి కడిగి ఆ నీళ్ళు తాగేస్తాడు. వాననీళ్ళు నిలబెట్టే పథకం వచ్చినప్పుడు ఊళ్ళో ఇంకుడు గుంతలన్నీ దగ్గరుండి తవ్వించింది ఆయనే. ఎండిన బావిలోకి వాననీళ్ళు మళ్ళిస్తే కింది బోర్లు లేస్తాయని ఇల్లిల్లూ తిరిగి చెప్పిందీ ఆయనే. చిన్నప్పుడు పలక కడిగిన నీళ్ళు వీధిలో పోశానని నా వీపు మీద ఒకటి కొట్టాడు.

నాలుగు చెరువుల నిండా నీళ్ళు ఊరికే పోతుంటే ఈ మనిషి చూస్తూ ఉండగలడా?

"నాయనా," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "ఆ నీళ్ళు బాయిలోకి నువ్వు పెట్టినావా?"

నాయన తట్టను జాగ్రత్తగా కింద పెట్టాడు. తొణకకుండా.

"ఎండబెట్టమన్నారమ్మా," అన్నాడు. "కుంటలో నింపి, ఎండకు ఎగిరిపోయేదాకా చూస్తా కూచోమన్నారు. నీళ్ళను ఎండబెట్టేది యాడన్నా ఇన్నావా? శనక్కాయలు ఎండబెడతారు, మిరపకాయలు ఎండబెడతారు. నీళ్ళు ఎండబెడతారా ఎవురన్నా?"

"బావా," అన్నాడు మామ.

"నా చేతులు ఊరుకోలేదప్పా. ఇంత వయసొచ్చింది, అన్ని నీళ్ళు ఒక్క చోట నేను యానాడూ చూడలేదు. నీ బోరు ఆ నెల గాలి కక్కతాండె. మీ యక్క దినమూ ఏడుస్తాండె, చెట్లు పోతే నా తమ్ముడు ఏమన్నా చేసుకుంటాడని. ఆ బాయి నీ తోటకు నేరుగా పైన ఉండాది. ఇంకితే నీ బోరుకే పోతాదని తెలుసు."

"ఉప్పునీళ్ళని తెలీదా?"

"తెలుసు. మన్ను వడగడతాదనుకొంటి. ఇంకుడు గుంతల సంఘం వాళ్ళు అదే కదా చెప్పింది, భూమి జల్లెడ మాదిరి, పైన మురికి పోసినా కింద తేటనీళ్ళే వస్తాయని. ఉప్పు కూడా మురికి మాదిరేననుకొంటి. నాకేం తెలుసు ఉప్పు నీళ్ళలో కరిగి నీళ్ళతోనే పోతాదని? చెప్పేటోళ్ళు లేరు."

మామ మెల్లగా తిన్నె మీద కూర్చున్నాడు. వచ్చిన తర్వాత అదే కూర్చోవడం.

"అప్పుడే కదా నా బోరు లేసింది," అన్నాడు. "నాలుగించుల పైపు నిండా పోసింది. గంగమ్మ కరుణించిందని బోరుకాడ పొట్టేలు కొట్టి ఊరందరికీ కూడు పెట్టినా. నువ్వూ వచ్చింటివి కదా బావా?"

"వచ్చింటి."

"తింటివి కదా?"

"తింటి."

"ఒక్క మాట చెప్పలేదే?"

"ఏమని చెప్పేది? గంగమ్మ ఇచ్చిందని నువ్వు ఎగరతాంటివి. ఆయమ్మ కాదు, నేనిచ్చినానని చెప్పుకుంటానా? నీ సంతోషం చూసి నేనూ సంతోషపడితిని. నీ నీళ్ళు ఉప్పైనాయని తెలిసినాక ఇంగ నోరు రాలేదు."

మామ నవ్వాడు. అది నవ్వు కాదు. "ఊరంతా తిన్నారు. నా బోరుకు ఉప్పు పెట్టినందుకు నేనే పొట్టేలు కోసి ఊరందరికీ భోజనం పెట్టినా. ఇంత గొప్ప విందు యా జిల్లాలో జరిగింటాదిలే."

అమ్మ కింద పడిన కొర్రలు ఏరడం మొదలుపెట్టింది. ఏరుతూనే అంది. "తెలీక చేసినాడు ఓబుళేసూ. నీ మేలు కోరే చేసినాడు. పెద్దమనుషులకు అదే చెప్దాం. తెలీక చేసిన పనికి ఎవురన్నా నీళ్ళు బందు చేస్తారా?"

ఆ మాటతో ఇంట్లో గాలి కొంచెం తేలికైనట్టే అనిపించింది. అన్న గడప మీద కూర్చుని ఊపిరి వదిలాడు. ఆ ఊపిరే నన్ను పట్టుకుంది. తండ్రి మీద ఇంత పెద్ద నింద పడితే కొడుకు నిట్టూర్చాలి. అన్న ఊపిరి అట్లా లేదు. పెద్ద గండం దాటినవాడిలా ఉంది.

ఆ నీళ్ళు చెరువు గుంతలోంచి లేచి బావి దాకా పోవాలంటే మోటరు నడవాలి. మోటరు గదికి తాళం ఉంటుంది. రొయ్యల మేత దొంగతనం పోతుందని అన్న ఆ తాళంచెవి మొలతాడుకు కట్టుకునే తిరిగేవాడు. స్నానానికి పోయినా విప్పేవాడు కాదు.

"అన్నా, మోటరు గది తాళంచెవి నాయనకు ఎవురిచ్చినారు?"

అన్న నా వైపు చూశాడు. ఎప్పుడూ మాట్లాడని పిల్ల ఎందుకు మాట్లాడుతోందన్నట్టు. "నీకెందుకు త్రివేణీ? గమ్మునుండు."

"వాడే ఇచ్చినాడు," అన్నాడు నాయన. "నేను అడిగినా, ఇచ్చినాడు. దానికేమి?"

నేను అన్న వైపే తిరిగాను. "కోస్తాలో నీ జతలో కాపలా ఉండినాయన సంగతి నువ్వే కదా మాకు చెప్పింది? సముద్రంలో చేపలు తగ్గిపోయి, పడవ ఒడ్డున పెట్టి, చెరువులకు కాపలా కాసే ఆయన. ఆయన ఊళ్ళో తాగేబావులన్నీ చెరువుల నీళ్ళు ఊరి ఊరి ఉప్పైపోయినాయని, ఆయన పెండ్లాము బిందె తీసుకుని పక్కూరికి పోతాదని చెప్పలేదా? సంగటి తింటా తింటా ఈ వాకిట్లోనే చెప్పినావు."

అన్న గడప చెక్కను గోటితో గీకుతున్నాడు.

"తెలుసు కదా నీకు?"

"తెలుసు," అన్నాడు. చాలా నెమ్మదిగా.

కొర్రలు ఏరుతున్న అమ్మ చెయ్యి ఆగింది. "ఏమి తెలుసురా?"

"మన్ను ఉప్పును వడగట్టదు, బోర్లకు పోతాదని తెలుసు." ఒక్కసారి మాట వచ్చాక ఇక ఆగలేదు. "కొత్త రొయ్య పిల్లను పంపిస్తామని కంపెనీ వాళ్ళు ఫోన్ చేసినారు. అమెరికా కాకపోతే ఇంకో దేశం కొంటాదంట. చెరువులు ఖాళీగా ఉంటేనే పిల్లను పోస్తామన్నారు. నీళ్ళు ఎండేదాకా ఆగితే ఆ అదను పోతాది. నేనేం చెయ్యాల? అప్పుడే నాయన వచ్చి బాయికి పెడతానన్నాడు. తాళం ఇచ్చినా. కొద్దిగా ఉప్పెక్కుతాది, ఒక వాన పడితే సరిపోతాదనుకొంటి. ఇంత దూరం వచ్చాదని ఎవురనుకున్నారు?"

"వచ్చిందా ఆ రొయ్య పిల్ల?" అని అడిగాను.

"రాలేదు."

రాని రొయ్య పిల్ల కోసం! ఊరి నోట్లో ఉప్పు పోసింది దీనికోసం. నిన్నటి నుంచి ఊరంతా తిడుతున్నా అతను పెదవి విప్పకపోతే, తండ్రిని కాపాడుకుంటున్నాడని నేననుకున్నాను. లోపల్లోపల గర్వపడ్డాను కూడా. అతను దాచుకున్నది నాయనను కాదు, తనకు తెలుసన్న సంగతిని. ఎప్పటికైనా నాయన పేరు బయటపడితే, పాపం తెలియక చేశాడని ఊరు జాలిపడుతుంది. ఆ జాలి కింద తనూ నిలబడవచ్చని చూశాడు. ఒక ముసలాయనకు నీళ్ళ మీదున్న ఆశను పారలాగా వాడుకుని, పని అయ్యాక పక్కన పెట్టాడు.

నాయన అన్న వైపు చూస్తున్నాడు. కోపంతో కాదు. లెక్క తప్పు చేసిన పిల్లవాడు పలక వైపు చూసినట్టు చూస్తున్నాడు. "నాకొక మాట చెప్పింటే అయిపోతాండె కదా నాయనా," అన్నాడు. "మన్ను ఉప్పును వడగట్టదు అని ఒక్క మాట. నేను ఒదిలింటానా?"

మామ లేచాడు. అన్న చొక్కా కాలరు పట్టుకుని లేపాడు. కొడతాడనే అనుకున్నాను. కొట్టమనే అనుకున్నాను. చెయ్యి పైకి లేచి అక్కడే ఆగిపోయింది.

"మీ నాయన తెలీక పోసినాడు," అన్నాడు. "నువ్వు తెలిసి పోయించినావు. కన్నతండ్రి చేతుల్తో పోయించినావు కదరా."

కాలరు వదిలేసి అమ్మ వైపు తిరిగాడు. "ఇంగ బడికాడ నేనేం చెప్పాల అక్కా? అడిగేది నన్నే. బాయిలో దిగింది నేనే. బావ పేరు చెప్పాల్నా, వీని పేరు చెప్పాల్నా? లేదంటే ఆ కంపెనీ మీదనే అబద్ధం చెప్పాల్నా? యా పేరు చెప్పినా నా నోరు కాలేది కాలేదే."

"నా పేరు చెప్పు," అన్నాడు నాయన. "స్విచ్చి వేసిన చెయ్యి నాది. వాడు సిన్నోడు, బతకాల్సినోడు. ఊళ్ళో నీళ్ళు నాకొద్దు, నేను పోతే ఇంటికి బందు చెయ్యరు. నేను తనకల్లు పోయి మా చెల్లెలింట్లో ఉంటా."

అమ్మ అన్న వైపు చూసింది.

అందరం చూశాం. అతను చెప్పాల్సిన మాట చాలా చిన్నది. నా పేరే చెప్పు మామా, అంటే చాలు. దానికోసం ఎదురుచూస్తూ మామ నిలబడ్డాడు. నాయన మాత్రం ఆ మాట రాకూడదని చెయ్యి అడ్డం ఊపుతూనే ఉన్నాడు. అన్న గొంతు సవరించుకున్నాడు. తల దించుకుని చొక్కా కాలరు సరిచేసుకున్నాడు.

బడి వైపు నుంచి మైకు మోగింది. ట్యాంకరు రాకముందే మాట తేలాలి, ఇంటికొక మనిషి రావాలి, ఇంటికొక మనిషి రావాలి అని ఎవరో రెండుసార్లు పిలిచారు.

అమ్మ లేచింది. చేతుల దుమ్ము దులుపుకుంది. బయటికి పోయేటప్పుడు కొంగు భుజాల చుట్టూ కప్పుకునే మనిషి, దాన్ని బిగించి నడుముకు దోపింది. మా ఇంటి ఆడవాళ్ళెవరూ ఇంతవరకు ఊరి కూటమిలో నిలబడింది లేదు. నిలబడినా మాట్లాడింది లేదు.

"అక్కా, నువ్వాగు," అన్నాడు మామ.

"తిరుపాలూ," అని అమ్మను పేరు పెట్టి పిలిచాడు నాయన. "నేను పోతాండా కదా."

ఆమె ఎవరి పేరు చెప్పబోతోందో నేను ఆ ముఖంలో వెతికాను. మొగుడిదా, కొడుకుదా, మామ నేర్పిన అబద్ధమా. ఎప్పుడూ అమ్మ ముఖం చూసి ఆ రోజు ఇంట్లో ఏం జరగబోతోందో చెప్పగలిగేదాన్ని. ఈసారి ఏమీ దొరకలేదు.

అన్నకు భయమేసినట్టుంది. పరుగున పోయి వాకిలి దడి దగ్గర అడ్డం నిలబడ్డాడు. "మా, ఏం చెప్తావు మా ఆడ? ఏం చెప్తావో చెప్పి పో."

అమ్మ అతని భుజం మీద చెయ్యి వేసింది. దారికి అడ్డమొచ్చిన ఎద్దును తోసినట్టు పక్కకు తోసింది. ఎవరికీ ఒక్క మాట చెప్పకుండా దడి దాటి బడి వైపు వెళ్ళిపోయింది.